కోడలే నర్సు, కోడలే డాక్టరు, కోడలే ముద్దాయి

నడవలేని తల్లిని బస్టాండులో వదిలేసి వెళ్లిపోయిన కొడుకు గురించి పేపర్లో వార్త పడుతుంది. జిల్లా ఎడిషన్‌లో పెద్ద హెడ్డింగు, పక్కన బిక్కుబిక్కుమంటున్న ఆమె ఫోటో. సాయంత్రానికల్లా ఊరంతా తీర్పు చెప్పేస్తుంది. ఈ కాలం పిల్లలింతే అని ఒకరు, కోడలే రానివ్వలేదట అని ఇంకొకరు. ఆ కొడుకును నేను వెనకేసుకు రావడం లేదు. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం 24వ సెక్షన్ కింద అది నేరం, మూడు నెలల దాకా జైలు ఉంది. శిక్ష పడాల్సిందే. కానీ ఆ వార్తలో ఎప్పుడూ కనిపించని ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. ఆ తల్లికి ఏం జబ్బు? ఎన్నాళ్ల నుంచి? ఏ డాక్టరు చూశాడు? ఆ ఇంటి గడప ప్రభుత్వం తరఫున ఎవరైనా ఒక్కసారైనా తొక్కారా?

ఎవరూ అడగరు. అడిగితే బోనులో కొడుకూ కోడలూ ఇద్దరే నిలబడరు మరి.

మా వీధిలో ఒక ఇల్లుంది. పెద్దాయన రిటైర్డ్ హెడ్మాస్టరు. కొడుకు ఉద్యోగం వేరే ఊళ్లో, నెలకోసారి వస్తాడు. ఇంట్లో ఉండేది కోడలు. పెద్దాయన అర్ధరాత్రి లేచి చొక్కా తొడుక్కుని, బడికి టైమైందంటూ గేటు గొళ్లెం తీసేవాడు. రెండుసార్లు మెయిన్ రోడ్డు మీద లారీల మధ్య దొరికాడు. ఆమె పాత నూలుచీర ఒకటి నిలువునా చింపి, ఒక కొస ఆయన మణికట్టుకూ రెండో కొస తన మణికట్టుకూ వదులుగా ముడివేసుకుని, ఆయన మంచం పక్కన చాప మీద పడుకునేది. ఆయన కదిలితే ఆమెకు మెలకువ. ఒక్క రాత్రి కూడా పూర్తి నిద్ర లేదు. పగలేమో, వచ్చినవాళ్లందరితోనూ "ఇది నా ఉంగరం కాజేసిందండీ" అని చెప్పేవాడు. వేలు వాచిందని ఉంగరం తీసి బీరువాలో పెట్టింది ఆమే. రోజూ తీసి చూపించేది. రోజూ మర్చిపోయేవాడు. చుట్టాలు మాత్రం ఆయన మాటే నమ్మారు.

డాక్టరు దగ్గరకు తీసుకెళ్తే ఏమన్నాడు? "వయసైపోయింది కదమ్మా, చాదస్తం. కాస్త ఓపిక పట్టండి." నిద్రబిళ్ళ రాసి పంపాడు. ఆ బిళ్ళ మత్తులో తెల్లవారుజామున బాత్రూం దగ్గర పడి తుంటి ఎముక విరిగింది. డిమెన్షియా అనే మాట ఆమె విన్నది ఆ తర్వాత, అదీ యూట్యూబ్‌లో. "నన్ను దొంగ అన్నా పర్లేదండీ. అది జబ్బు అని మొదటిరోజే ఎవరైనా చెప్పి ఉంటే, రెండేళ్లపాటు మామయ్యగారి మీద అరిచేదాన్ని కాదు" అని చెప్పి ఏడ్చింది. ఆమెను చెడ్డ కోడలని తిట్టిన ఊరు, జబ్బుకు పేరు కూడా చెప్పని ఆ డాక్టరును ఒక్క మాట అనలేదు.

నా కోపమంతా ఇక్కడే. వయసైపోయింది అన్నది రోగనిర్ధారణ ఎలా అవుతుంది? అది చేతులు దులుపుకోవడం. మతి తప్పిన ముసలివాళ్లందరికీ మెదడు కుంచించుకుపోయే జబ్బే ఉండదు. బి12 లోపం కావచ్చు, థైరాయిడ్ కావచ్చు. ఎప్పుడో జారిపడ్డప్పుడు తలలో చేరిన రక్తం మెల్లగా మెదడును నొక్కుతుండవచ్చు. డిప్రెషన్ అచ్చం మతిమరుపులా కనిపించవచ్చు. ఇవన్నీ వైద్యం ఉన్నవే. ఇక నిన్నటిదాకా బాగున్న మనిషి ఇవాళ ఉన్నట్టుండి గోడలతో మాట్లాడుతూ, లేనివాళ్లను పిలుస్తూ ఉంటే దాన్ని డెలీరియం అంటారు. మూత్రంలో ఇన్ఫెక్షన్, ఒంట్లో సోడియం పడిపోవడం, కొత్తగా మొదలుపెట్టిన బిళ్ళ, ఆఖరికి నాలుగు రోజుల మలబద్ధకం కూడా దానికి చాలు. కారణం పట్టుకుంటే చాలామంది కోలుకుంటారు, పట్టుకోకపోతే ప్రాణమే పోవచ్చు. మనవైపు దీనికి గాలి సోకిందని తాయెత్తు కడతారు, లేదా చివరిఘడియలు వచ్చాయని చుట్టాలకు కబుర్లు పంపుతారు. పల్లెల్లో తెలియనివాళ్లు అలా చేస్తే అర్థముంది. చదువుకున్న డాక్టరు ఒక రక్తపరీక్ష, ఒక మూత్రపరీక్ష రాయకుండా ఇంటికి పంపితే ఏమనాలి?

ఏ పెద్దావిడ ఇంటికైనా వెళ్లి మందుల సంచి నేల మీద బోర్లించి చూడండి. గుండెకొకరు, షుగరుకొకరు, మోకాళ్లకొకరు, నిద్రకొకరు రాసిన బిళ్ళలు. ఒక సంచిలో టెల్మిసార్టన్ అనే బీపీ బిళ్ళ రెండు వేర్వేరు కంపెనీల పేర్లతో కనిపించింది నాకు. ఇద్దరు డాక్టర్లు రాశారు, ఆవిడ భక్తిగా రెండూ వేసుకుంటోంది. లేవగానే కళ్లు తిరుగుతున్నాయంటే మూడో డాక్టరు కళ్లు తిరగడానికి ఇంకో బిళ్ళ రాశాడు. నలుగురి చీటీలూ ఒకచోట పెట్టి, ఏది ఉంచాలి ఏది తీసేయాలి అని చూసేవాడు ఒక్కడూ లేడు. వృద్ధుల వైద్యం చదివిన డాక్టరు మొదట చేసే పనుల్లో ఇదొకటి. అలాంటి వైద్యం కొత్తదేమీ కాదు. చెన్నై జనరల్ ఆస్పత్రిలో 1978లోనే వృద్ధులకు వేరే ఓపీ పెట్టారు. 1996లో మద్రాస్ మెడికల్ కాలేజీ ఆ విభాగంలో ఎండీ కోర్సు మొదలుపెట్టింది. ఆ చెన్నై ఎక్కడో లేదు, ఒకప్పుడు ఆంధ్ర ప్రాంతానికీ అదే రాజధాని.

చట్టం లేదా అంటే, ఉంది. అదే 2007 చట్టం 20వ సెక్షన్ చదవండి. ప్రభుత్వాస్పత్రుల్లో వీలైనంతవరకు వృద్ధులందరికీ పడకలు, వేరే క్యూలు, దీర్ఘకాలిక జబ్బులకు మెరుగైన వైద్యం, ప్రతి జిల్లా ఆస్పత్రిలో వృద్ధుల వైద్యంలో అనుభవమున్న డాక్టరు ఆధ్వర్యంలో ప్రత్యేక సదుపాయం. ఇది రాష్ట్ర ప్రభుత్వం చేయాల్సిన పని అని చట్టంలో స్పష్టంగా రాసి ఉంది. 2010-11లో కేంద్రం వృద్ధుల ఆరోగ్యానికి జాతీయ కార్యక్రమం కూడా తెచ్చింది. జిల్లా ఆస్పత్రిలో పది పడకల వార్డు, పీహెచ్‌సీలో వారానికోసారి క్లినిక్, మంచానపడ్డవాళ్ల ఇంటికి సిబ్బంది రాక, అన్నీ కాగితం మీద ఉన్నాయి. నేను చూసిన ఒక ఆస్పత్రిలో బోర్డు ఉంది, గదికి తాళం ఉంది. తాళంచెవి ఎవరి దగ్గరుందో నర్సుకు తెలియదు.

పిల్లల నుంచి నెలకు పదివేలకు మించకుండా పోషణ ఇప్పించడానికి ఇదే చట్టం కింద ట్రిబ్యునల్ ఉంది. ఆర్డీవో ఆఫీసులో కేసులు నడుస్తాయి, కొడుకులకు నోటీసులు వెళ్తాయి. ఇరవయ్యో సెక్షన్ అమలు చేయని ప్రభుత్వానికి ఏ ట్రిబ్యునల్ నోటీసు పంపుతుంది?

అంతకంటే మండిపడాల్సిన విషయం ఇంకొకటి ఉంది. ఇంటింటికీ తిరిగే ఆశా వర్కర్లు నింపే సీబ్యాక్ అనే ఆరోగ్య పరిశీలన ఫారంలో అరవై దాటినవాళ్ల కోసం కొన్ని ప్రశ్నలున్నాయి. నడిచేటప్పుడు తూలిపోతున్నారా? తినడానికి, స్నానానికి, దొడ్డికి వెళ్లడానికి ఇంకొకరి సాయం కావాలా? ఇంట్లోవాళ్ల పేర్లో, సొంత ఇంటి చిరునామానో మర్చిపోతున్నారా? చివర్లో, రెండు వారాలుగా ఏ పని మీదా ఆసక్తి లేకుండా, దిగులుగా ఉంటోందా అని కూడా అడుగుతారు. చక్కటి ప్రశ్నలు. తయారుచేసినవాళ్లకు విషయం తెలుసు. అవును అంటే వెంటనే డాక్టరు దగ్గరకు పంపాలని ఆ ఫారమే చెబుతోంది. పంపితే? ఆ డాక్టరుకు దాన్నేం చేయాలో ఎవరు నేర్పారు? నడవలేని మనిషిని మండల కేంద్రానికి తీసుకెళ్లేదెవరు? అరకొర పారితోషికంతో ఎండనపడి తిరిగే ఆశా వర్కరును నేను తప్పు పట్టను. ఆమె టిక్కు పెట్టిన కాగితాన్ని లెక్కల్లో కలుపుకుని మనిషిని వదిలేసిన పై యంత్రాంగానిదే తప్పు.

వయసు మీదపడుతున్నవాళ్ల మీద దేశమంతటా చేసిన లాసీ సర్వేకు అనుబంధంగా జరిగిన అధ్యయనం 2023లో తేల్చిన లెక్క ఇది: దేశంలో అరవై దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది. మగవాళ్లకంటే ఆడవాళ్లలో, పట్నాలకంటే పల్లెల్లో ఎక్కువ. అంటే న్యూరాలజిస్టు ఎక్కడ లేడో జబ్బు అక్కడే ఎక్కువ.

డబ్బు సంగతి చూద్దాం. 2024 అక్టోబర్ చివర్లో డెబ్బై దాటిన ప్రతి ఒక్కరికీ ఆయుష్మాన్ భారత్ కింద, కుటుంబం లెక్కన ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం అన్నారు. మంచిదే. కానీ ఆ డబ్బు ఆస్పత్రిలో చేరితేనే. తుంటి విరిగాక ఆపరేషన్‌కు ఇస్తారు. విరగకుండా ఆ ఇంటికి వచ్చి బాత్రూంలో పట్టుకునే కడ్డీ బిగించేవాళ్లకు, నిద్రబిళ్ళ ఆపించేవాళ్లకు, కోడలికి ఎలా చూసుకోవాలో నేర్పేవాళ్లకు పైసా లేదు. డైపర్లు సొంత డబ్బుతోనే. పగటిపూట ఆయాను పెట్టుకుంటే మామూలు ఉద్యోగి జీతంలో సగం అటే. కేంద్రం వృద్ధాప్య పింఛనులో తన వాటాగా అరవై నుంచి 79 ఏళ్ల వరకు ఇచ్చేది నెలకు 200 రూపాయలు. ఎనభై దాటితే 500. ఏళ్లూ పూళ్లూ గడిచినా అంతే. ఆంధ్రప్రదేశ్ 2024 నుంచి వృద్ధాప్య పింఛను 4,000 చేసింది. పక్షవాతం లాంటివాటితో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకు 15,000 ఇస్తోంది. శభాష్ అంటాను. అదే నా వాదనకు సాక్ష్యం కూడా. ఒక మనిషిని ఇంట్లో చూసుకోవడానికి ఎంతవుతుందో ప్రభుత్వానికి తెలుసు, ఇవ్వగలదు. మరి కాళ్లు బాగానే ఆడుతున్నా ఇల్లు ఎక్కడో మర్చిపోయి, ఇరవై నాలుగు గంటలూ కాపలా అవసరమైన మనిషిని ఏ లెక్కలో వేస్తారు?

పేదదేశం, ఎక్కడ కుదురుతుంది అనేవాళ్లకు గోవా చూపిస్తాను. అక్కడ 81 కుటుంబాలతో చేసి 2008లో ప్రచురించిన ప్రయోగంలో, స్థానికులకే శిక్షణ ఇచ్చి డిమెన్షియా రోగుల ఇళ్లకు పంపారు. వాళ్లు జబ్బంటే ఏమిటో చెప్పారు, రోగికి కోపం వస్తే ఎలా సర్దాలో చూపించారు, చూసుకునేవాళ్ల గోడు విన్నారు. ఆ చూసుకునేవాళ్ల మానసిక ఆరోగ్యం నిజంగా మెరుగుపడింది. 2019లో అదే గోవా నుంచి ఇంకొకటి. దిగులు లక్షణాలు అప్పుడప్పుడే మొదలైన 181 మంది వృద్ధులను రెండు జట్లు చేశారు. సామాన్య కౌన్సెలర్లు సమస్యలు విప్పుకునే పద్ధతి నేర్పిన జట్టులో ఏడాది తిరిగేసరికి డిప్రెషన్‌లోకి జారింది 4.4 శాతం, రెండో జట్టులో 14 శాతం పైన. ఆ పని చేసినవాళ్లు సైకియాట్రిస్టులు కారు. మన ఊళ్లో ఇంటర్ చదివిన అమ్మాయి ఎందుకు చేయలేదు? కేరళ 2008లో పాలియేటివ్ కేర్ విధానం తెచ్చింది. పంచాయతీ నర్సు మంచానపడ్డవాళ్ల ఇంటికి వెళ్లి పుండ్లు కడుగుతుంది, నొప్పి చూస్తుంది, ఇంట్లోవాళ్లతో మాట్లాడుతుంది.

ముసలితనంలో దిగులు మామూలేగా అనే మాట నాకు ఒళ్లు మండిస్తుంది. మామూలు కాదు. భర్త పోయిన ఏడాదికి అన్నం మానేసిన అత్తమ్మను "మనసు విరిగిపోయింది పాపం" అని జాలిపడి వదిలేస్తాం. అది వైద్యం ఉన్న జబ్బు కావచ్చునని తట్టదు. పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లలో ఇది ఇంకో రకం. రోజూ వీడియోకాల్‌లో ఐదు నిమిషాలు నవ్వి, ఫోను పెట్టేశాక మళ్లీ గోడ వైపు తిరిగి పడుకునే తల్లిదండ్రులు గుంటూరులో ఉన్నారు, కరీంనగర్‌లో ఉన్నారు. డబ్బుకు లోటులేదు, సీసీ కెమెరా కూడా ఉంది. చెవి సరిగా వినపడకే ఆవిడ ఎవరితోనూ మాట్లాడడం లేదని ఆ కెమెరాకు తెలియదు. వినికిడి తగ్గడం, చూపు తగ్గడం రెండూ డిమెన్షియా ముప్పును పెంచేవే అని 2024 లాన్సెట్ కమిషన్ చెప్పింది. హైదరాబాద్ చుట్టుపక్కల వృద్ధాశ్రమాల్లో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రి పరిశోధకులు పరీక్షిస్తే, చూపు తగ్గడానికి పెద్ద కారణం శుక్లాలేనని తేలింది. శుక్లానికి చేసేది చిన్న ఆపరేషనే.

అందుకని, పేపర్లో వార్త చూసి కోడళ్లను తిట్టే ఓపిక ఉన్నవాళ్లందరూ ఆ ఓపికతో ఇంకో పని చేయండి. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు. ఒక తెల్లకాగితం మీద మూడు సంగతులు అడగండి. మన జిల్లా ఆస్పత్రిలో 20వ సెక్షన్ కింద వృద్ధుల విభాగం ఏ గదిలో ఉంది, దాని డాక్టరు ఎవరు, ఏ రోజుల్లో చూస్తారు? మా మండలంలో సీబ్యాక్ ఫారంలో మతిమరుపుకు అవును అని టిక్కు పడినవాళ్లు ఎందరు, వాళ్లలో ఎందరిని డాక్టరు చూశాడు? మంచానపడ్డవాళ్ల ఇళ్లకు ఈ నెలలో నర్సు ఎన్నిసార్లు వెళ్లింది? రసీదు తీసుకోండి. జవాబు రాకపోతే అవే ప్రశ్నలు సమాచార హక్కు చట్టం కింద పంపండి. ఆ జవాబు చేతికొచ్చాక ఏ ఇంటి కోడలి గురించైనా మాట్లాడదాం.