పది కిలోమీటర్ల గీత దగ్గర పొగ ఆగదు

బొగ్గు విద్యుత్ కేంద్రాల పొగలో సల్ఫర్ డయాక్సైడ్ తగ్గించాలని కేంద్ర పర్యావరణ శాఖ 2015 డిసెంబరులో రెండేళ్ల గడువు పెట్టింది. తర్వాత గడువు మీద గడువు ఇస్తూ పోయింది. చివరికి 2025 జూలైలో, గంధకాన్ని కడిగే ఎఫ్‌జీడీ యంత్రం పెట్టే పని నుంచి దేశంలోని నాలుగింట మూడు వంతుల యూనిట్లను తప్పించింది. రైతు అప్పు మాఫీకి కూడా చేయి ఇంత సులువుగా కదిలితే ఎంత బాగుండు!

ఎవరిని తప్పించాలనేదానికి ఒక గీత గీశారు. పది లక్షల జనాభా దాటిన నగరానికో, కాలుష్యం ముదిరిందని ప్రకటించిన ప్రాంతానికో 10 కిలోమీటర్ల లోపల లేకపోతే చాలు. చిమ్నీ ఎత్తు మాత్రం నిబంధన ప్రకారం ఉండాలి. 500 మెగావాట్లు, ఆపై యూనిట్లకు అది 275 మీటర్లు. ఈ లెక్కన భూపాలపల్లి దగ్గర చెల్పూరులో 500, 600 మెగావాట్ల యూనిట్లున్న కాకతీయ థర్మల్ కేంద్రం కూడా గీత అవతలికే పోతుంది. చుట్టూ ఉన్నవి పల్లెలే కదా!

మన బొగ్గులో గంధకం తక్కువని, గాలిలో సల్ఫర్ డయాక్సైడ్ పరిమితి దాటలేదని ప్రభుత్వం అంటోంది. గంధకం అర శాతమే అనుకుందాం. టన్ను బొగ్గులో 5 కిలోలు. కాలితే 10 కిలోల సల్ఫర్ డయాక్సైడ్, అది పూర్తిగా మారితే 15 కిలోల గంధకామ్లం. పొడిగాలిలో ఈ మార్పు నెమ్మది, రోజులు పడుతుంది. మబ్బులోనో పొగమంచులోనో నీటి బొట్టు దొరికితే వేగం మారిపోతుంది. బొట్టు పుల్లబడిన కొద్దీ ఓజోన్ పని మందగిస్తుంది కానీ, గాలిలోనే పుట్టే హైడ్రోజన్ పెరాక్సైడ్ ఆ పులుపులోనూ ఆగదు. నిమిషాల్లోనే గంధకాన్ని ఆమ్లం చేస్తుంది. పొడుగు చిమ్నీ గంధకాన్ని ఒక్క గ్రాము తగ్గించదు, దూరం పంపుతుంది. మారడానికి సమయమిస్తుంది. చెల్పూరు నుంచి తొర్రూరు వంద కిలోమీటర్ల లోపే. చలికాలం గాలి ఈశాన్యం నుంచే వీస్తుంది.

ఆమ్లవర్షం పడి పత్తి, మిరప మాడిపోతున్నాయని మేము అనడం లేదు. మన దుమ్ములోని సున్నం చాలా ఆమ్లాన్ని విరిచేస్తుంది. మన యూరియా నుంచి, పశువుల పేడ నుంచి లేచే అమ్మోనియా కూడా దానితో కలుస్తుంది. అలా పుట్టేది అమ్మోనియం సల్ఫేట్. బస్తాలో ఉంటే ఎరువు, సన్నటి ధూళిగా ఊపిరితిత్తుల్లోకి పోతే రోగం. సల్ఫర్ డయాక్సైడ్ మీటరు ఈ ధూళిని చూపదు. అప్పటికే అది సల్ఫర్ డయాక్సైడ్ కాదు మరి. మీటరు శుభ్రంగా ఉందని చెప్పేవారు ఈ మాట దాటేస్తున్నారు.

కాబట్టి భూపాలపల్లి నుంచి తొర్రూరు దాకా గాలిలో సల్ఫేట్ ధూళిని కొలిచి, అంకెలు నెలనెలా పంచాయతీ గోడ మీద పెట్టాలి. మినహాయింపు ఉన్నా చెల్పూరు రెండు యూనిట్లకూ ఎఫ్‌జీడీ పెట్టాలి. అందులో జరిగేదీ ఇదే రసాయనం, కాకపోతే మన చెప్పుచేతల్లో. సున్నపురాయి నీళ్లు పొగలోని గంధకాన్ని పట్టుకుంటాయి. నీళ్లను కొంచెం పుల్లగానే ఉంచి గాలి ఊదితే జిప్సం తయారవుతుంది. సున్నపురాయి మరీ ఎక్కువైతే మార్పు కుంటుబడి పనికిరాని బురద మిగులుతుంది. పల్లికాయ ఊడలు దిగేటప్పుడు ఎకరాకు 200 కిలోలు వేయమని చెప్పేది ఈ జిప్సమే. పరీక్ష చేసి మంచిదని తేలిన జిప్సాన్ని రవాణా ఖర్చులకే రైతులకు ఇవ్వాలని డిమాండ్ చేస్తున్నాం.