300 బిగ్ బెట్ల భ్రమ

ఫిక్స్‌డ్ లిమిట్ పోకర్‌లో పందెం ఎంతో ముందే ఖరారై ఉంటుంది. 10-20 రూపాయల టేబుల్ అంటే మొదటి రెండు రౌండ్లలో పందెం 10, చివరి రెండింటిలో 20. ఆ 20 రూపాయలే బిగ్ బెట్. ఒకే ఆటలో ఉన్నదంతా ఊడ్చిపెట్టే వీలు లేదు కాబట్టి 300 బిగ్ బెట్లు, అంటే 6,000 రూపాయలు, విడిగా పెట్టుకుంటే దివాలా భయం ఉండదన్నది ఆటగాళ్లలో స్థిరపడిన మాట. ఆ డబ్బుకు బ్యాంక్‌రోల్ అని పేరు. పేరు గంభీరంగానే ఉంది.

300 అన్న అంకెకు ఆధారం లేకపోలేదు. వంద ఆటలకు సగటున ఒక బిగ్ బెట్ గెలిచే ఆటగాడికి ఎత్తుపల్లాలు వంద ఆటలకు 15 బిగ్ బెట్ల మేర ఉంటాయనుకుంటే, 300తో మొదలుపెట్టినవాడు మొత్తం పోగొట్టుకునే అవకాశం 7 శాతం. గెలుపు అరబెట్టుకు తగ్గితే అది 26 శాతానికి చేరుతుంది. సగటు సున్నా అయినా, నష్టమైనా 100 శాతమే. అప్పుడు 300 ఉన్నా 3,000 ఉన్నా తేడా ఖాళీ కావడానికి పట్టే కాలంలోనే.

తాను గెలిచేవాడినేనని ఆటగాడికి తెలిసేదెలా? పదివేల ఆటలు ఆడాక కూడా లెక్క వంద ఆటలకు 1.5 బిగ్ బెట్ అటూ ఇటూ ఊగుతుంది. ఒక బెట్ గెలుపు నిజమో, ముక్కల చలవో ఒక మోస్తరు నమ్మకంతో తేల్చాలంటే 90,000 ఆటలు కావాలి. అన్ని ఆటలు ఆడకముందే బ్యాంక్‌రోల్ సూత్రం వల్లించడం గాలిలో లెక్క.

పైగా ఆన్‌లైన్‌లో ఆడితే, పోగైన పందేల మొత్తం (పాట్) నుంచి సైటు నడిపే కంపెనీ తీసుకునే రేక్ ఉంది. చిన్న టేబుళ్లలో గెలుపును హరించేది ఎక్కువగా అదే. 2023 ఏప్రిల్ నుంచి నికర గెలుపుపై 30 శాతం టీడీఎస్ వచ్చింది. ఒక ఏడాది నష్టాన్ని మరుసటి ఏడాది గెలుపులో మినహాయించుకునే వీలు లేదు. అదే ఏడాది అక్టోబరు 1 నుంచి డిపాజిట్ మీదే 28 శాతం జీఎస్టీ పడింది. అప్పట్లో 6,000 కడితే, కంపెనీ బోనస్‌తో పూడిస్తే తప్ప, టేబుల్ మీదికి వచ్చేది దాదాపు 4,687 రూపాయలు; 300 కాస్తా తొలి ముక్క పడకముందే 234 అయింది.

వరంగల్‌లో ఉన్నవాడికి ఈ లెక్క ఇంకా దుర్బలం. రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆటేనని సుప్రీంకోర్టు 1967లో సికింద్రాబాద్ క్లబ్బు కేసులో చెప్పిన మాటను పోకర్ సమర్థకులు ఇప్పటికీ తిప్పి తిప్పి చెబుతారు. కానీ తెలంగాణ 2017లోనే 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి, సైబర్ స్పేస్‌ను జూదగృహం నిర్వచనంలోకి తెచ్చి, నైపుణ్యపు ఆటల మినహాయింపును ఎత్తేసింది. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన కేంద్ర చట్టం నైపుణ్యమా, అదృష్టమా అన్న వాదననే పక్కనబెట్టి డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది. నిర్వాహకులకు మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ఆడినవాడికి అందులో శిక్ష లేదు.

ఇక మిగిలేది లొకేషన్ దాచి విదేశీ సైట్లలో ఆడటం. అక్కడ ఖాతా స్తంభించే ప్రమాదం ఏ బ్యాంక్‌రోల్ సూత్రంలోనూ లేదు. ఆ డబ్బు కోసం హనుమకొండ కోర్టుకు వెళ్లినా, పందెపు ఒప్పందాలు చెల్లవని 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని 30వ సెక్షన్ చెబుతోంది.