పాడి రైతు: గేదెకు లాక్‌డౌన్ తెలియదు.. కష్టకాలంలో పాల బిల్లు ఆగితే ఏమవుతుంది?

ఫ్యాక్టరీకి తాళం వేయొచ్చు. షాపు షట్టర్ దించొచ్చు. కానీ గేదె పొదుగుకు తాళం వేయలేం కదా! రెండు పూటలా పాలు తీయాల్సిందే. తీయకపోతే పొదుగువాపు వస్తుంది. తీస్తే ఆ పాలు గంటల్లో అమ్ముడుపోవాలి. ధాన్యంలా గోదాములో పెట్టి, రేటు వచ్చాక అమ్ముకునే సరుకు కాదు ఇది.

అందుకే ఏ సంక్షోభం వచ్చినా మొదటి దెబ్బ పాడి రైతుకే తగులుతుంది. కరోనా టైమ్‌లో జరిగింది ఇదే. అప్పుడు రైతును ఏది ఆదుకుంది? ఏది చేరలేదు? మరో సంక్షోభం రాకముందే ఈ లెక్క తేల్చుకోవాలి.

అసలేం జరిగింది?

2020 మార్చి 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. పాలు నిత్యావసరం కాబట్టి రవాణాకు అనుమతి ఇచ్చారు. కానీ టీ కొట్లు, హోటళ్లు, స్వీట్ షాపులు, ఫంక్షన్ హాళ్లు మూతపడ్డాయి. ఇళ్లకు వెళ్లే ప్యాకెట్ పాలు ఆగలేదు. ఆగింది మిగతా గిరాకీ. పాల వ్యాన్ రోడ్డెక్కినా, కొనేవాళ్లు తగ్గిపోయారు.

లెక్కలు ఏం చెబుతున్నాయి?

2020 మే 15న కేంద్ర ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ చెప్పిన వివరాల ప్రకారం.. లాక్‌డౌన్‌లో పాల గిరాకీ 20 నుంచి 25 శాతం పడిపోయింది. సహకార డైరీలు రోజుకు 560 లక్షల లీటర్లు సేకరిస్తే, అమ్ముడుపోయింది 360 లక్షల లీటర్లే. అంటే రోజుకు 2 కోట్ల లీటర్ల పాలు మిగిలిపోయాయి!

అయినా డైరీలు సేకరణ ఆపలేదు. అలా అదనంగా కొన్న పాలు 111 కోట్ల లీటర్లు. వాటికి రైతులకు అందిన డబ్బు 4,100 కోట్ల రూపాయలు. లీటరుకు సగటున 37 రూపాయలు పడినట్టే. కష్టకాలంలో రైతును నిలబెట్టింది ఇదే. ప్యాకేజీ ప్రకటన కాదు.. ఆగకుండా పడిన పాల బిల్లు.

మిగిలిన పాలు ఏమయ్యాయి?

పాలపొడి, వెన్నగా మారాయి. 100 లీటర్ల ఆవు పాల నుంచి సుమారు 8-9 కిలోల పొడి, నాలుగు కిలోల దాకా వెన్న వస్తాయి. చిక్కేంటంటే, రైతుకు డబ్బు వెంటనే ఇవ్వాలి. పొడి మాత్రం నెలల తరబడి గోదాములోనే ఉంటుంది. డైరీ డబ్బంతా అక్కడే ఇరుక్కుంటుంది.

ఈ ఇబ్బంది తీర్చడానికే కేంద్రం వడ్డీ రాయితీ తెచ్చింది. సహకార డైరీలు తీసుకునే వర్కింగ్ క్యాపిటల్ అప్పుపై 2 శాతం, సకాలంలో కడితే మరో 2 శాతం. దీనివల్ల 5,000 కోట్ల రూపాయలు అదనంగా అందుబాటులోకి వస్తాయని, 2 కోట్ల మంది రైతులకు మేలు జరుగుతుందని చెప్పింది.

మరి మిగతా వాళ్ల సంగతేంటి?

అసలు సమస్య ఇక్కడే ఉంది. మన దేశంలో అమ్మకానికి వచ్చే పాలలో ఎక్కువ భాగం ఇప్పటికీ అసంఘటిత రంగంలోనే సాగుతోంది. సొసైటీలో పాలు పోసే రైతుకు డైరీ ద్వారా ఊరట దక్కింది. ఊళ్లో వ్యాపారికో, పట్నంలో హోటల్‌కో పోసే రైతుకు వడ్డీ రాయితీతో వచ్చేదేముంది? హోటల్ మూతపడ్డ రోజే ఆ ఇంటి ఆదాయం ఆగిపోయింది.

2020 జూన్‌లో కోటిన్నర మంది పాడి రైతులకు కిసాన్ క్రెడిట్ కార్డులు ఇచ్చే డ్రైవ్ మొదలైంది. దాణాకు, మందులకు అది పనికొచ్చేదే. కానీ ఆ జాబితా కూడా పాల యూనియన్లతో సంబంధం ఉన్న రైతులదే. పైగా అప్పు అప్పే.. అమ్ముడుపోని పాలకు అది ధర కాదు కదా!

రాష్ట్రాలు ఏం చేశాయి?

మహారాష్ట్ర రోజుకు 10 లక్షల లీటర్ల పాలను లీటరు 25 రూపాయలకు కొని పొడి చేయించే పథకం పెట్టింది. అయినా లీటరుకు 20 రూపాయలు కూడా రావడం లేదంటూ జూలై, ఆగస్టుల్లో అక్కడి రైతులు పాలు రోడ్డు మీద పారబోశారు. కర్ణాటక ఇంకో దారి పట్టింది. సహకార సమాఖ్య పాలను కొని మురికివాడల్లోని పేదలకు ఉచితంగా పంచింది. అటు రైతుకు రేటు, ఇటు పిల్లలకు పాలు.

తెలంగాణలో విజయ డైరీకి పాలు పోసే రైతులకు 2014లోనే లీటరుకు 4 రూపాయల ప్రోత్సాహకం మొదలైంది. 2017లో దీన్ని ముల్కనూరు, కరీంనగర్, నల్గొండ-రంగారెడ్డి డైరీలకూ వర్తింపజేశారు. రోజుకు 8 లీటర్లు పోసే ఇంటికి ఇది నెలకు 960 రూపాయలు. చిన్న మొత్తమేమీ కాదు. కానీ నెలల తరబడి బకాయిలు పేరుకుపోయి రైతులు రోడ్డెక్కిన సందర్భాలున్నాయి. అదును దాటాక వచ్చే సాయంతో గేదెకు దాణా రాదు!

ఇంకో మెలిక కూడా ఉంది. దేశంలో పొడి నిల్వలు పేరుకుపోయి ఉన్నప్పుడే, 2020 జూన్‌లో 10 వేల టన్నుల పాలపొడిని 15 శాతం సుంకంతో దిగుమతి చేసుకునేందుకు కేంద్రం అనుమతిచ్చింది. ఒక చేత్తో సాయం, ఇంకో చేత్తో పోటీ అన్నట్టు తయారైంది.

నష్టం రైతుతోనే ఆగుతుందా?

ఆగదు. చేతిలో డబ్బు లేకపోతే రైతు ముందు దాణా తగ్గిస్తాడు. తర్వాత దూడల పోషణ తగ్గుతుంది. చివరికి గేదెనే సంతకు తోలతాడు. దూడ పెరిగి, చూలు కట్టి, ఈని పాలివ్వడానికి ఏళ్లు పడుతుంది. 2022లో అమూల్, మదర్ డైరీ పలుమార్లు రేట్లు పెంచాయి. దాణా ఖర్చులు, లంపీ స్కిన్ వ్యాధితో పాటు, కరోనా కాలంలో పశువులకు సరైన మేత అందకపోవడమూ ఒక కారణమని విశ్లేషణలు వచ్చాయి. అంటే 2020లో రైతు మింగిన నష్టం, రెండేళ్లకు మన పాల ప్యాకెట్ మీద కనిపించింది.

ఇప్పుడేం చేయాలి?

ఒకటి, గిరాకీ పడిపోయిన రోజే సేకరణ ఆగకుండా చూసే నిధి ముందే ఉండాలి. సంక్షోభం వచ్చాక జీవోల కోసం ఎదురుచూస్తే లాభం లేదు.

రెండు, మిగులు పాలు ముందుగా అంగన్‌వాడీలకు, హాస్టళ్లకు వెళ్లాలి. తెలంగాణలో ఆరోగ్య లక్ష్మి కింద గర్భిణులకు రోజుకు 200 మిల్లీలీటర్ల పాలు ఇచ్చే ఏర్పాటు ఇప్పటికే ఉంది. కష్టకాలంలో అలాంటి దారులనే పెంచొచ్చు.

మూడు, సొసైటీ లేని ఊళ్లలో పాల కేంద్రం పెట్టాలి. రికార్డులో పేరు లేని రైతుకు ఏ సాయమూ చేరదు.

ఈసారి ఏ ప్రభుత్వం ఎన్ని కోట్లు ప్రకటించినా, పాల కేంద్రం దగ్గర ఒక్క ప్రశ్న వేస్తే చాలు, అసలు సంగతి తెలిసిపోతుంది. 'ఈ పక్షం పాల బిల్లు పడిందా?'