నాటకమునకు పూజ, వరునకు వెల

విజయనగరములో ‘కన్యాశుల్కము’ను గూర్చి యుపన్యసించువారి కంఠము గర్వముతో నిండును. గర్వింపదగినదే. కాని యా నాటకము పుట్టినది మనకు గర్వము కలిగించుటకు గాదు, సిగ్గు కలిగించుటకు. ఈ భేదమును మఱచితిమేని మనకు పూలదండయే మిగులును.

పూర్వకథ నొకింత తలచుకొందము. ఆనందగజపతి మహారాజుగారు విశాఖపట్టణ మండలమున బ్రాహ్మణ కుటుంబములలోని శుల్కవివాహములను లెక్కింపించిరి. మూడేండ్లలో 1034 తేలినవి. ఆ వధువులలో అయిదేండ్లవారు 99 మంది. ఏడాది పసికందులు ముగ్గురు! ఆ పసికందుల వెల 350 మొదలు 400 రూపాయల వఱకు. చెన్నపట్టణ శాసనసభలో మహారాజుగారు తెచ్చిన బిల్లు నెగ్గలేదు. పిమ్మట 1892లో జగన్నాథ విలాసినీ సభవారు గురజాడ అప్పారావుగారి నాటకమును ప్రదర్శించిరి. శాసనమునకు చేతగాని పనిని రంగస్థలము తలకెత్తుకొనెను. పట్టికలోని యంకె యెవరి యింటిదియు గాదు; కూతు నమ్ముకొను అగ్నిహోత్రావధానులు మాత్రము చూచువారికి తమ వీథివాడే యనిపించును.

“ఆ దురాచారము నశించినది గదా! ఇక నది కళాఖండమే” యని కొందఱందురు. ఆచారము చావలేదు, తక్కెడ మొగ్గు మాఱినది, అంతే. నాడు కన్యకు వెల, నేడు వరునకు వెల. నాడు బిల్లు వీగిపోయినది. నేడు శాసనమే కలదు. వరకట్న నిషేధ చట్టము 1961లో వచ్చెను. అయినను ఇంజనీరున కొక ధర, వైద్యున కొక ధర పలుకుచునే యున్నవి. మధురవాణి మాటలకు చప్పట్లు చఱచిన చేతులే మఱునాడు కట్నపు నోట్లు లెక్కించుట వింత గాదా?

గ్రంథకర్త తన నాటకమును విగ్రహముగా జూడలేదు. 1897లో అచ్చయిన దానిని 1909 నాటికి తానే చాల మార్చి తిరిగి వ్రాసెను. మనమో, దానికి పూజచేసి తలుపు మూయుచున్నాము!

ఈ పనికి ఊరి నటులే కావలెను. పొరుగూరి నటుడు నవ్వించి వెడలిపోవును. మన వీథిలోని గుమాస్తాయో, బడిపంతులో వేషము గట్టి నిలిచినపుడు ప్రేక్షకునకు దాగుటకు చోటుండదు. అట్టివారిని “వేషగాండ్ర”ని చులకన చేసి, అద్దెలేని రంగస్థలమైన నీయక, నాటకకళ క్షీణించినదని వగచుట దొంగయేడుపు.

కావున ఉత్సవముల వ్యయములో సగము ఊరి నటుల కిండు. ఏటేట కన్యాశుల్కముతోపాటు వరశుల్కముపై నొక క్రొత్త నాటకము నాడింపుడు. ముందు వరుస పీటలు పెండ్లికొడుకుల తండ్రులకే విడువుడు. వారు నవ్వలేక లేచిపోయిన నాడు అప్పారావుగారి ఋణము కొంత తీరినట్లు.