కువైట్‌లో ఉన్న కొడుకు ఓటు ఎక్కడికి పోయింది?



2024 మే 13న మా రాయచోటిలో పోలింగ్ రోజు నా తమ్ముడు ఛుట్టీ మీద ఇంట్లోనే ఉన్నాడు. పదకొండేళ్లుగా కువైట్‌లో డ్రైవర్. ఎలక్షన్ చూసుకునే ఛుట్టీ అడిగి వచ్చాడు. పొద్దున్నే అబ్బాతో కలిసి బూత్‌కి వెళ్లాడు. కార్డు చేతిలో ఉంది, జాబితాలో పేరు లేదు. అబ్బా పేరుంది, అమ్మీ పేరుంది, నా పేరుంది. వాడిది మాత్రం గాయబ్.

వాడు ఎవరి మీదా అరవలేదు. ఇంటికొచ్చి, "నేను పంపే పైసలు ఈ ఊరికి కావాల, నేను అక్కర్లేదా భాయీ?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

తర్వాత ఆరా తీస్తే సంగతి తెలిసింది. అంతకు ముందు ఏడాది ఇంటింటి సర్వేకి వచ్చిన బీఎల్వో, "మీ చిన్నబ్బాయి ఎక్కడుంటాడమ్మా?" అని అడిగింది. "కువైట్‌లో ఉండాడు మా, పదేండ్లాయె" అని అమ్మీ ఉన్నమాట చెప్పింది. ఆ తర్వాత ఒక నోటీసు కూడా వచ్చింది. అమ్మీకి ఉర్దూ చదవడం వచ్చు, తెలుగు రాదు. కరెంటు బిల్లులతో పాటు దాచి పెట్టింది. నేనూ చూడలేదు.

అమ్మీ సచ్ చెప్పింది. దానికి ఆమెను ఏమనగలం? బీఎల్వో విన్నది రాసుకుంది. మామూలు ఓటర్ల జాబితా ఆ ఊళ్లో నివాసం ఉండేవాళ్లది. కొద్దికాలం ఊరు విడిచి వెళ్లినంత మాత్రాన నివాసం పోదని ఖానూన్ అంటుంది గానీ, పదేళ్లను కొద్దికాలమని వాదించడం ముష్కిల్. అసలు ఖతా మాది. పరదేశ్‌లో ఉన్నవాళ్ల కోసం వేరే దర్వాజా ఉందని ఇంట్లో ఎవరమూ తెలుసుకోలేదు.

ఆ దర్వాజా 2011 నుంచీ తెరిచే ఉంది. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలో 20ఏ సెక్షన్ చేర్చి, ఉద్యోగం కోసమో చదువు కోసమో విదేశంలో ఉంటున్న హిందుస్తానీ పౌరుడికి తన పాస్‌పోర్టులో ఉన్న చిరునామా దగ్గరే ఓటు హక్కు ఇచ్చారు. వేరే దేశం పౌరసత్వం తీసుకోకూడదు, అంతే షరతు. నింపాల్సింది 6ఏ ఫారం. రుసుము లేదు. ఎన్నికల సంఘం వారి పోర్టల్‌లోనో యాప్‌లోనో కువైట్‌లో కూర్చునే నింపొచ్చు. ఫొటో, పాస్‌పోర్టులో ఫొటో ఉన్న పేజీ, చిరునామా పేజీ, వీసా పేజీ కాపీలు కావాలి. బీఎల్వో ఇంటికి వచ్చి విచారిస్తారు. అప్పుడు ఇంట్లోవాళ్లు చెప్పాల్సింది అదే సచ్: "అవును, కువైట్‌లో ఉన్నాడు, ఇల్లు మాత్రం ఇదే."

ఈ మాట చెబితే మనవాళ్లకు వచ్చే మొదటి డర్, "కార్డు ఇచ్చేయాలంట కదా?" నిజమే. 6ఏ కింద నమోదైతే పాత ఓటరు కార్డు అప్పగించాలి, కొత్తది ఇవ్వరు. పోలింగ్ రోజు అసలు పాస్‌పోర్టే మన కార్డు. ఎప్పటికీ తిరిగొచ్చేశాక మళ్లీ మామూలు ఓటరుగా చేరొచ్చు. ఒక్క సంగతి జాగ్రత్త. అక్కడా ఇక్కడా రెండు పేర్లు ఉంచుకోవద్దు. తప్పుడు డిక్లరేషన్ ఇస్తే ఏడాది దాకా జైలు ఉంది. ప్లాస్టిక్ కార్డు బీరువాలో భద్రంగా ఉండి పేరు జాబితాలో లేకపోతే ఏం ఫాయిదా? మా తమ్ముడిని అడగండి.

రెండో సవాల్ ఇంకా గట్టిది. "నమోదైనా ఓటెయ్యడానికి టికెట్ కొనుక్కుని రావాల్నా?" రావాలి. ఇక్కడ నా షికాయత్ హుకూమత్ మీదే. 2024 లోక్‌సభ ఎన్నికల్లో దేశం మొత్తం మీద నమోదైన విదేశీ ఓటర్లు 1,19,374 మంది. వచ్చి ఓటేసింది 2,958. అందులో 2,670 మంది కేరళవాళ్లే. మిగతా దేశమంతా కలిపి 288 మంది! నెలంతా కష్టపడి ఇంటికి పైసలు పంపే మజ్దూర్‌కి రానుపోను టికెట్ పెట్టుకుంటేనే ఓటు అనడం, హక్కు ఇచ్చి తాళంచెవి దగ్గర పెట్టుకోవడమే.

ఇంకో విచిత్రం చూడండి. ఎంబసీలో పనిచేసే మన ప్రభుత్వ ఉద్యోగి పోస్టల్ బ్యాలెట్‌తో ఓటేయొచ్చు. అదే ఎంబసీ బయట పాస్‌పోర్టు రెన్యువల్ కోసం లైన్లో నిలబడ్డ డ్రైవర్ వేయలేడు. ఫిలిప్పీన్స్ వాళ్లు 2003లోనే చట్టం చేసుకుని తమ ఎంబసీల్లో ఓట్లు వేయిస్తున్నారు. మన దగ్గర ప్రాక్సీ ఓటు బిల్లు 2018లో లోక్‌సభ దాటింది, రాజ్యసభ దాటక ముందే ఆ లోక్‌సభ ముగిసి బిల్లూ ఖతం అయింది. 2020లో ఎన్నికల సంఘం ఎలక్ట్రానిక్ పోస్టల్ బ్యాలెట్‌కి ప్రతిపాదన పంపింది. ఇంతెజార్ చేస్తూనే ఉన్నాం.

అయితే హుకూమత్‌ని గట్టిగా అడగాలంటే మన వైపు లెక్క ఉండాలి. విదేశాల్లో ఉన్న భారత పౌరులు కోటిన్నరకు పైనే. నమోదైంది లక్షా చిల్లర. అందులోనూ దాదాపు తొంభై వేలు కేరళవే. అందుకే ఎన్నికలొస్తే అక్కడి నాయకులు గల్ఫ్‌కి వెళ్లి మాట్లాడతారు. కడప, రాజంపేట, రాయచోటి, నిజామాబాద్, కరీంనగర్ నుంచి వెళ్లినవాళ్ల పేర్లు ఏ జాబితాలోనూ కనిపించకపోతే మన కోసం ఎవరు నోరు తెరుస్తారు?

ముఖ్యంగా మన ఆడవాళ్లు. కువైట్ ఇళ్లల్లో ఖద్దామాలుగా పనిచేసే అక్కచెల్లెళ్ల పాస్‌పోర్టులు చాలాసార్లు కఫీల్ దగ్గరే ఉంటాయి. వాళ్ల ఇష్టం లేకుండా పెట్టుకోవడం అక్కడి ఖానూన్‌కే ఖిలాఫ్. కనీసం ఆ పేజీల ఫొటోలు తమ ఫోన్‌లోనూ, ఇంట్లో ఒకరి ఫోన్‌లోనూ ఉంచమని చెప్పండి. ఓటుకే కాదు, ఏ ముసీబత్ వచ్చినా పనికొస్తాయి. పెళ్లికి ముందు తీసుకున్న పాస్‌పోర్టులో పుట్టింటి చిరునామా ఉంటే ఓటు అక్కడే పడుతుందని గుర్తుంచుకోండి.

2025లో బిహార్‌లో ఓటర్ల జాబితా సవరించినప్పుడు ముసాయిదాలో 65 లక్షల పేర్లు లేకుండా పోయాయి. చనిపోయినవాళ్లు, రెండు చోట్ల ఉన్నవాళ్లతో పాటు, ఊరు వదిలి వెళ్లినవాళ్లన్న కారణమూ అందులో ఉంది. డర్ పెట్టడానికి చెప్పడం లేదు. సర్వే వచ్చినప్పుడు ఇంట్లో లేనివాడి తరఫున జవాబు చెప్పాల్సింది ఇంట్లో ఉన్నవాళ్లమే. ఆ జిమ్మేదారీ మనది. వాళ్ల ఓటు మన దగ్గర అమానత్.

కిందటి రంజాన్ తర్వాత ఒక జుమా రాత్రి వీడియో కాల్‌లో తమ్ముడూ నేనూ కలిసి 6ఏ నింపాం. అరగంట పట్టింది. కొన్నాళ్లకు బీఎల్వో వచ్చింది. "మీ చిన్నబ్బాయి ఎక్కడుంటాడమ్మా?" అని మళ్లీ అదే సవాల్. అమ్మీ నా ముఖం చూసి, భయపడుతూనే చెప్పింది, "కువైట్‌లో ఉండాడు మా."

ఈసారి ఆ మాటకే వాడి పేరు జాబితాలోకి వచ్చింది, అల్ హందులిల్లాహ్. మీ ఇంట్లో పరదేశ్‌లో ఉన్నవాళ్ల పేరు ఉందో లేదో ఈ రోజే చూడండి.