తమ్ముడికి మస్టాంగ్ ఇవ్వాలా వద్దా?

మొన్న ఆదివారం ఫోన్లో అమ్మ మెల్లగా విషయానికొచ్చింది. "ఎలాగూ పెద్ద కారు కొంటున్నావు కదరా, ఆ పాతది తమ్ముడికిచ్చెయ్యరాదూ? ఎవడో బయటివాడికి అమ్మడమెందుకు?"

ఆ "పాతది" 2015 మోడల్ మస్టాంగ్ జీటీ. రెండే తలుపులు. వెనక సీట్లో పిల్లాడి కార్ సీటు బిగించేసరికి నా నడుము పడిపోతోంది, అందుకే తీసేస్తున్నా. తమ్ముడేమో డల్లాస్‌లో ఎం.ఎస్. చేస్తున్నాడు. లైసెన్సు వచ్చి నాలుగు నెలలైంది.

అమ్మ లెక్కలో తప్పేం లేదు. మా ఇంట్లో నా సైకిలు వాడికెళ్ళింది, నా పుస్తకాలు వాడికెళ్ళాయి, నా చొక్కాలూ వాడికే వెళ్ళాయి. ఇప్పుడు కారు వంతు, అంతే!

కానీ వాడు డ్రైవింగ్ నేర్చుకున్నది నాన్నగారి మారుతి 800 మీద. దానికి 37 హార్స్‌పవర్. దీనికి 435. దాదాపు పన్నెండింతలు. చొక్కా వదులైతే క్లాసులో నవ్వుతారు. ఇది వదులైతే నవ్వడానికి ఎవరూ మిగలకపోవచ్చు.

ఖర్చు సంగతి చూద్దాం. టెక్సస్‌లో తోడబుట్టినవాళ్ళకి కారు గిఫ్టుగా రాసిస్తే పన్ను 10 డాలర్లే. అసలు ఖర్చు ఆ తర్వాత మొదలవుతుంది. పాతికేళ్ళు నిండని కుర్రాడు, కొత్త లైసెన్సు, 5 లీటర్ల వి8 ఇంజను... ఇన్సూరెన్సువాడికి ఇంతకంటే పండగ ఉంటుందా? చదువుకునేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలకి మించి పనిచేయకూడని వాడు ఆ ప్రీమియం ఎక్కణ్ణుంచి కడతాడు? పోనీ బండి నా పేరు మీదే ఉంచుదామా అంటే, రేపేదైనా జరిగితే అవతలివాడి లాయరు నా దాకా రావచ్చు.

ఇవన్నీ నేను అమ్మకి చెప్పిన కారణాలు. చెప్పనిది ఇంకోటుంది.

ఈ కారు కొన్న కొత్తలో ఒకరోజు వానలో హైవే ర్యాంపు ఎక్కుతున్నా. పక్కన ఫ్రెండు. వాడికి చూపిద్దామని ట్రాక్షన్ కంట్రోల్ ఆపేసి మలుపులో యాక్సిలరేటర్ తొక్కాను. వెనక చక్రాలు తోసే బండి, తడి రోడ్డు. వెనక భాగం గిర్రున తిరిగి రెయిలింగ్‌కి కొట్టుకుంది. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ టైములో పక్క లేన్లో ఇంకో కారు లేదు, అంతే. నా గొప్పేం లేదు. ఇంట్లో మాత్రం "బండి సర్వీసుకిచ్చా" అని చెప్పాను. రిపేరై వచ్చాక దానికి ఆనుకుని దిగిన ఫొటో పంపాను. తమ్ముడు ఆ ఫొటోని మూడేళ్ళు వాల్‌పేపర్‌గా పెట్టుకున్నాడు.

అంటే వాడికి ఈ కారు మీద మోజు పెంచింది నేనే. సగం కథ చెప్పి.

"వాడేం చిన్నపిల్లాడా? నువ్వు నడిపావు కదా, వాడు నడిపితే తప్పేంటి?" అని మీరనొచ్చు. నిజమే. రేపు వాడు ఉద్యోగం చేసి, సొంత డబ్బుతో కొనుక్కుంటే నేనాపను, ఆపే హక్కూ నాకు లేదు. కానీ ఆపకపోవడం వేరు, తాళాలు చేతిలో పెట్టడం వేరు. నేనిస్తే "నువ్వు నడపగలవు" అని అన్నగా హామీ ఇచ్చినట్టే. నాలుగు నెలల లైసెన్సుకి ఆ హామీ నేనివ్వలేను.

అందుకే మస్టాంగ్ అమ్మేస్తున్నా. వచ్చినదాంట్లో కొంత పెట్టి వాడికొక పాత కరోలా కొనిస్తా. నిన్న రాత్రి ఫోన్ చేసి ర్యాంపు సంగతి కూడా చెప్పేశాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "అన్నా, అప్పుడే చెప్పుంటే బావుండేది కదా" అన్నాడు. కారివ్వనన్నందుకు కాదు, ఆ మాటకే ఎక్కువ సిగ్గేసింది.

అమ్మ దృష్టిలో మాత్రం నేనింకా పిసినారినే. అమ్మకి ర్యాంపు సంగతి చెప్పే ధైర్యం ఇంకా రాలేదు మరి!