గోడమీది పద్యము - గాలిలోని మాట

2025 జులై 22వ తేదీతో దాశరథి కృష్ణమాచార్యులుగారు జన్మించి నూరేండ్లు నిండినవి. కవిగా, చలనచిత్ర గీతరచయితగా, ఆంధ్రప్రదేశ్ ఆస్థానకవిగా ఆయనను లోకమెరుగును. కాని ఆయన కొంతకాలము బడిపంతులుగాను, పిమ్మట ఆకాశవాణిలో ప్రయోక్తగాను పనిచేసినారని స్మరించువారు తక్కువ. ఉపాధ్యాయులును విద్యార్థులును చదువు ఈ పుటలో ఆ మాట తలచుకొనుట ఉచితము.

ఘనపూరువారికి ఆయన పరాయివారు కారు. నేటి మహబూబాబాదు జిల్లాలోని చిన్నగూడూరు ఆయన స్వగ్రామము. ఘనపూరునకు అనతిదూరమున పాలకుర్తి ఉన్నది. చదువు రానివారు సైతము విని పాడుకొనునట్లు బసవపురాణమును ద్విపదలో చెప్పిన సోమనాథుడు అక్కడివాడు. చెవికొరకు కవిత్వము చెప్పుట ఈ సీమకు క్రొత్తగాదు.

దాశరథిగారి గొంతును నొక్కవలెనని ఒక ప్రభుత్వము పూనుకొన్నది. నిజాము పాలనను ధిక్కరించినందుకు ఆయనను నిజామాబాదు చెరసాలలో ఉంచినారు. వట్టికోట ఆళ్వారుస్వామిగారు అక్కడ తోటి ఖైదీ. పళ్లు తోముకొనుటకిచ్చిన బొగ్గుతో దాశరథిగారు గోడపై పద్యములు వ్రాసినారు; అందుకు దెబ్బలును తిన్నారు. 1948 సెప్టెంబరులో ఆ పాలన ముగిసినది. 1950 ఏప్రిల్ 1న నిజాముకాలపు దక్కన్ రేడియో భారత ప్రభుత్వము చేతికి వచ్చి ఆకాశవాణిలో భాగమైనది. చెరలో గోడకు తన మాట చెప్పుకొన్న కవి, తరువాత ఇంటింటికి మాట చేర్చు ఉద్యోగములో కుదిరినారు.

రేడియో పని కనబడని పని. స్టూడియోలో ఎర్రదీపము వెలుగక ముందే ప్రతి వాక్యమును చెవితో పరీక్షింపవలెను. కాగితముపై అందముగా తోచిన దీర్ఘసమాసము వినువానికి అందకపోవచ్చును. అతడు పుట వెనుకకు త్రిప్పి చూడలేడు గదా! ఇంత శ్రమపడి పలికిన మాటయు కార్యక్రమము ముగిసినంతనే గాలిలో కలిసిపోవును.

గోడమీది బొగ్గును ఎవరో చెరుపుదురు. గాలిలోని మాట తానే చెరిగిపోవును. విన్నవారి జ్ఞాపకమే రెండింటికిని ఆధారము. అట్టి జ్ఞాపకమును పెంచవలసిన చోటు బడి. కాని నేడు అనేక తరగతులలో పద్యము పరీక్షలో ఖాళీలు పూరించుటకు మాత్రమే మిగిలినది. పిల్లవాడు దానిని తప్పు లేకుండ వ్రాయును, చదువుమన్నచో తడబడును. దోషము వానిది కాదు. వానికి చదివి వినిపించినవారు లేరు.

కావున ఉపాధ్యాయులకు మా మనవి ఒక్కటే. వారమునకొక పావుగంట పిల్లలచేత పుస్తకములు మూయించి, ఒక పద్యమునో, కథనో వారికి చక్కగా చదివి వినిపింపుడు. పిమ్మట వారిలో ఒకరిని లేపి, విన్నది చెప్పింపుడు. దీనికి యంత్రము అక్కరలేదు, నిధులును అక్కరలేదు.

1987 నవంబరు 5న దాశరథిగారు కన్నుమూసినారు. ఆయన పుట్టిన సీమలోని బడిలో ఒక బాలిక నిలబడి, చివరి బల్లవానికి సైతము వినబడునట్లు తెలుగు పద్యమొకటి చదివినచో, బడిపంతులై రేడియోలో పనిచేసిన ఆ కవికి అంతకన్న తగిన నివాళి లేదు.